వచ్చి పోయే జబ్బు: పాత స్పోర్ట్స్ కారు ఇంజనులో శక్తిలోపం, దాని నిర్ణయ విధానం

యంత్రాలకు వచ్చే జబ్బులు రెండు విధాలు. మొదటిది వచ్చి నిలిచిపోయేది. రెండవది వచ్చి పోయేది. మొదటి దానిని కనిపెట్టడం సులభం. విరిగిన ఇరుసు విరిగినట్లే ఉంటుంది. పగిలిన గొట్టం కారుతూనే ఉంటుంది. రెండవ దాని స్వభావం వేరు. వైద్యుని గుమ్మం ఎక్కగానే పంటినొప్పి తగ్గినట్లు, బండి మెకానిక్కు షెడ్డు చేరేసరికి ఆ జబ్బు మాయమవుతుంది. మూత ఎత్తి చూస్తే ఇంజను హాయిగా తిరుగుతూ ఉంటుంది. తిరిగి రోడ్డెక్కి పది కిలోమీటర్లు పోయేసరికి మళ్ళీ అదే నీరసం, అదే కుదుపు.

ఈ జబ్బు కేవలం చికాకు కలిగించేది మాత్రమే కాదు. ముందు పోయే లారీని దాటబోయి ఎదురు దారిలోనికి వచ్చిన క్షణంలో ఇంజను శక్తి కోల్పోతే ఏమవుతుందో ఊహించుకొనవచ్చును. బ్రేకులకు వాక్యూం సహాయం ఉన్న బండిలో ఇంజను ఆగితే ఆ సహాయం ఒకటి రెండు తొక్కులతో తీరిపోయి, పెడలు బరువెక్కుతుంది. కావున “మళ్ళీ బాగానే నడుస్తున్నది కదా” అని ఊరుకొనుట క్షేమం కాదు. అట్లని తోచిన భాగమల్లా మార్చుకుంటూ పోవడం కూడా వైద్యం కాదు. నాడి చూడకుండా మందుల పెట్టెలోని మందులన్నీ మింగించే హకీమును ఎవరు నమ్ముతారు?

వచ్చి పోయే దోషాన్ని క్రమపద్ధతిలో కనిపెట్టడమెట్లో వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం. మోటారు విద్య నేర్చేవారికే గాక ప్రయోగశాలలో పనిచేసే ప్రతి విద్యార్థికీ ఈ పద్ధతి ఉపకరిస్తుంది.

ఉదాహరణకు తీసుకొన్న బండి

ఇంగ్లండులోని ఆబింగ్డన్ అనే పట్టణంలో 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును మనం ఉదాహరణగా తీసుకొందాము. దాని అన్ని రూపాలు కలిపి ఐదు లక్షలకు పైగా తయారైనవి. వాటిలో చాలా బండ్లు నేటికీ అనేక దేశాలలో తిరుగుతూనే ఉన్నవి. ఇంజను 1798 ఘన సెంటీమీటర్లది, నాలుగు సిలిండర్లది. తొలి నమూనాలలో దాని శక్తి నిమిషానికి 5400 చుట్ల వద్ద 95 అశ్వశక్తి. పెట్రోలును గాలితో కలపడానికి రెండు ఎస్.యు. కార్బురేటర్లు, నిప్పురవ్వను పంచడానికి లూకాస్ డిస్ట్రిబ్యూటరు, ట్యాంకు నుండి పెట్రోలును తోడడానికి వెనుక భాగంలో ఎస్.యు. విద్యుత్ పంపు అమర్చినారు.

ఈ బండిని ఎంచుకొనుటకు కారణమున్నది. నేటి కార్లలో కంప్యూటరు ఉంటుంది; దోషం వచ్చినప్పుడు చాలావరకు అదే సంకేతాన్ని నమోదు చేసిపెడుతుంది. ఎం.జి.బి.లో అట్టి సాక్షి ఎవరూ లేరు. నడిపేవాని కళ్ళు, చెవులు, బుద్ధి ఇవే సాక్షులు. పైగా ప్రతి భాగమూ కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. అందువలన కారణానికీ కార్యానికీ గల సంబంధాన్ని నేర్చుకొనుటకు ఇంతకు మించిన పాఠ్యగ్రంథం అరుదు.

ఇంజను కోరేది నాలుగే

పెట్రోలు ఇంజను నడవడానికి నాలుగు కావలెను: తగిన పాళ్ళలో పెట్రోలు, గాలి; సరియైన క్షణంలో నిప్పురవ్వ; సిలిండరులో తగినంత ఒత్తిడి; కాలిన వాయువు బయటికి పోవుటకు దారి. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి లోపిస్తే తప్ప ఇంజను శక్తి తగ్గదు. ఒత్తిడి తగ్గడానికి వాల్వు కాలిపోవుటయో, పిస్టను రింగులు అరుగుటయో కారణమవుతుంది. అట్టివి సాధారణంగా వచ్చి నిలిచేవే గాని, వచ్చి పోయేవి కావు. పొగగొట్టం మూసుకుపోవడం కూడా అంతే. కావున వచ్చి పోయే దోషమని తెలిసిన వెంటనే మన అనుమానం రెండింటి మీదికి కుదించుకొనవచ్చును: ఒకటి నిప్పురవ్వ, రెండవది పెట్రోలు.

దీనికి ముందు చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. ఏక్సిలరేటరు పెడలును పూర్తిగా నొక్కించి, మూత కింద కార్బురేటర్ల తలుపులు రెండూ పూర్తిగా తెరుచుకుంటున్నవో లేదో చూడవలెను. కాళ్ళ కింద పరచిన తివాసీ మడత పడి పెడలుకు అడ్డు తగిలిన సందర్భాలు లేకపోలేదు. ఇంజను విప్పుటకు ముందు తివాసీ ఎత్తి చూచుటలో నామోషీ ఏమీ లేదు.

లక్షణాలను చదువుట

పనిముట్టు పట్టకముందు కలం పట్టవలెను. దోషం వచ్చినప్పుడల్లా ఒక చిన్న పుస్తకంలో ఈ విషయాలు వ్రాసుకొనవలెను: బయలుదేరి ఎంతసేపయినది, ఎండ ఎట్లున్నది, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉన్నది, ఎన్నవ గేరులో ఎంత వేగంతో పోతున్నది, ఎత్తు ఎక్కుతున్నదా, గతుకుల మీద పోతున్నదా, దోషం ఎంతసేపు నిలిచినది, ఏమి చేస్తే పోయినది. నాలుగైదు సార్లు వ్రాసేసరికి దానిలో ఒక క్రమం కనబడడం మొదలవుతుంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరాన్ని పూర్వ వైద్యులు దాని క్రమాన్ని బట్టియే గుర్తించేవారు. ఇదీ అట్టిదే.

ఆ క్రమంలో మొదట గమనించవలసినది శక్తి ఏ విధంగా పోయినదన్న విషయం. దీపం ఆర్పినట్లు ఒక్కసారిగా పోయి, అంతే ఆకస్మికంగా తిరిగి వచ్చి, ఆ రాకలో వెనుక గొట్టం నుండి టపాకాయ పేలినట్లు శబ్దం వస్తే, అది చాలావరకు విద్యుత్ దోషం. నిప్పు లేని సమయంలో కాలకుండా పోయిన మిశ్రమం పొగగొట్టంలో చేరి, నిప్పు తిరిగి రాగానే అంటుకొనుటయే ఆ శబ్దానికి కారణం. అట్లు గాక, ముందు కొంచెం నీరసం, పిమ్మట తడబాటు, ఆ పిమ్మట ఆగిపోవుట జరిగితే అది చాలావరకు పెట్రోలు దోషం. కార్బురేటరు పక్కనున్న గిన్నెలో నిలువ ఉన్న పెట్రోలు అయిపోవడానికి కొంత సమయం పడుతుంది కనుక ఆ దోషం మెల్లగా కనబడుతుంది.

రెండవ పరీక్షకు టాకోమీటరు సాధనం. ఇది ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే గడియారం. అనేక ఎం.జి.బి. బండ్లలో ఈ గడియారం ఇగ్నిషన్ కాయిల్‌కు పోయే విద్యుత్తు లోని స్పందనలను లెక్కించి ముల్లును నడుపుతుంది. దోషం వచ్చిన క్షణంలో క్లచ్చి తొక్కకుండా, బండి గేరులో దొర్లుతుండగా ఆ ముల్లు వంక చూడవలెను. చక్రాలు ఇంజనును తిప్పుతూనే ఉన్నా ముల్లు సున్నకు పడిపోతే, కాయిల్‌కు పోయే 12 వోల్టుల మార్గం తెగుతున్నదని అర్థం. ముల్లు పిచ్చిగా ఎగిరెగిరి పడితే ఆ మార్గంలోనే ఏదో అతుకు వదులై ఊగుతున్నదని అర్థం. ముల్లు ఇంజను వేగంతో పాటు మెల్లగా దిగితే ఆ మార్గం నిర్దోషి. దోషం కాయిల్‌కు తరువాత ఉండవచ్చును, లేదా పెట్రోలులో ఉండవచ్చును. ఒక్క చూపుతో సగం బండి అనుమానం నుండి విముక్తి పొందుతుంది. అయితే నడిపేవాడు రోడ్డునే చూడవలెను. ముల్లును చూచుట పక్కన కూర్చున్న వాని పని.

మూడవ పరీక్ష చోక్‌తో చేసేది. నీరసం మొదలైన వెంటనే చోక్ పిడిని కొంచెం లాగవలెను. ఎస్.యు. కార్బురేటరులో చోక్ లాగితే జెట్టు కిందికి దిగి పెట్రోలు పాలు పెరుగుతుంది. దానితో ఇంజను తేరుకొంటే అది పెట్రోలు కొరతతో బాధపడుతున్నదని చెప్పవచ్చును. తేరుకొనకపోగా ఇంకా ముక్కితే పెట్రోలుకు కొరత లేదు.

విద్యుత్ మార్గం

“కార్బురేటరు జబ్బులలో ఎక్కువ భాగం విద్యుత్ జబ్బులే” అని అనుభవం గల మెకానిక్కులు అంటారు. ఆ మాటలో సత్యమున్నది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు 100 నిప్పురవ్వలు కావలెను. ఇంత వేగంతో జరిగే పనిలో వెంట్రుకవాసి ఎడం ఏర్పడినా ఇంజను తడబడుతుంది.

టాకోమీటరు ముల్లు సున్నకు పడిన పక్షంలో మొదట ఇగ్నిషన్ స్విచ్చిని అనుమానించవలెను. దోషం ఉన్నప్పుడే పక్కకు తిరిగే సిగ్నలు దీపాలను వేసి చూడవలెను. వాటికి కూడా విద్యుత్తు ఆ స్విచ్చి నుండియే వస్తుంది. అవి కూడా వెలగకపోతే దోషం స్విచ్చిలోనో, దాని వద్ద ఉన్న అతుకులలోనో ఉన్నది. బరువైన తాళాల గుత్తి వేలాడి గతుకులలో ఊగడం వలన అరిగిన స్విచ్చి లోపలి స్పర్శ తెగుతూ ఉంటుంది. సిగ్నలు దీపాలు వెలిగితే స్విచ్చి నిర్దోషి. దోషం అక్కడి నుండి కాయిల్‌కు పోయే తెల్లని తీగలోనో, ఇంకా ముందుకో ఉన్నది. ఆ కాయిల్ కొనకు ఒక చిన్న బల్బును కలిపి, తీగను బండి లోపలికి తెచ్చి పక్కవాని చేతికి ఇస్తే సాక్ష్యం మరింత స్పష్టమవుతుంది.

తరువాతి మజిలీ డిస్ట్రిబ్యూటరు. ఈ కారులోని దోషాలలో మిక్కిలి మాయగలది ఇక్కడ దాగి ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు లోపల కాంటాక్టు పాయింట్లు బిగించిన ఒక పళ్ళెం ఉన్నది. ఇంజను మీది భారాన్ని బట్టి నిప్పురవ్వ ముందుగానో వెనుకగానో పడుటకు వాక్యూం డబ్బా ఆ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. పళ్ళెం నుండి డిస్ట్రిబ్యూటరు ఒంటికి ఒక పొట్టి మెత్తని తీగ ఉన్నది. విద్యుత్తు తిరిగి పోవుటకు అదే దారి. ఏళ్ళ తరబడి వంగి వంగి ఆ తీగ పైతొడుగు లోపలనే తెగిపోతుంది. పైకి చూస్తే చెక్కుచెదరనట్లే ఉంటుంది. పళ్ళెం ఒక పక్కకు తిరిగినప్పుడు తెగిన కొనలు తాకుతవి, మరొక పక్కకు తిరిగినప్పుడు విడిపోతవి. కావుననే నిలిచి ఉన్న బండిలో ఇంజను బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడో, ఏక్సిలరేటరు నొక్కినప్పుడో చస్తుంది. దీనికి పరీక్ష సులభం. ఇంజను ఆపి, డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పళ్ళేనికీ ఇంజనుకూ మధ్య మీటరు కలిపి, వాక్యూం గొట్టాన్ని నోటితో పీల్చి పళ్ళేన్ని కదిలించవలెను. కదలికతో మీటరు ముల్లు ఊగితే దొంగ దొరికినట్లే. ఈ తీగ స్థానంలో మామూలు తీగ వేయరాదు. అది వంపుకు ఓర్వక త్వరలోనే తెగుతుంది. అనేక సన్నని పోగులతో నేసిన మెత్తని తీగయే కావలెను.

పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో 1000 వంతులకు 15 వంతులు ఉండవలెను. అవి అరిగినా, మాడినా ఇంజను తడబడుతుంది. వాటితో జోడీగా ఉండే కండెన్సరు వేడెక్కినప్పుడు మాత్రమే పాడై, చల్లారగానే కోలుకొనడం కద్దు. కాయిల్ కూడా ఇదే విధంగా ప్రవర్తిస్తుంది. 12 వోల్టుల కాయిల్ లోని మొదటి చుట్టలో నిరోధం సుమారు 3 ఓములు ఉండవలెను. అయితే దానిని చల్లగా ఉన్నప్పుడు కొలిచి మంచిదని తీర్పు చెప్పుట తగదు. జబ్బు వేడిలో వచ్చేదైతే పరీక్ష కూడా వేడిలోనే జరగవలెను.

ముల్లు సున్నకు పడకుండా నిప్పు మాత్రమే పోతున్నదని అనుమానమైతే టైమింగు దీపం సాయం తీసుకొనవలెను. దాని బిళ్ళను మొదట కాయిల్ నుండి వచ్చే లావు తీగకు, పిమ్మట ప్లగ్గుల తీగలకు తగిలించి చూడవలెను. కాయిల్ తీగపై మెరుపు క్రమంగా ఉండి ప్లగ్గు తీగపై తప్పుతున్నదంటే దోషం డిస్ట్రిబ్యూటరు మూతలోనో, రోటరులోనో, ఆ తీగలోనో ఉన్నది. మూత లోపల వెంట్రుక వంటి నల్లని గీత కనబడితే అది నిప్పు దారి తప్పి పారిన గుర్తు. ఇంజను నడుస్తుండగా ఈ తీగలను చేతితో లాగి చూచుట ప్రమాదకరం. వాటిలో వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది.

తీగలు కలిపే ముందు మరొక మాట గుర్తుంచుకొనవలెను. 1967 వరకు వచ్చిన ఎం.జి.బి. బండ్లలో బ్యాటరీ ధనధ్రువం బండి ఒంటికి కలిపి ఉండేది. ఆ తరువాతి వాటిలో ఋణధ్రువం కలిపినారు. ఇది చూడకుండా ఎలక్ట్రానిక్ పరికరాలు తగిలిస్తే పాత దోషానికి కొత్త దోషం తోడవుతుంది.

పెట్రోలు మార్గం

పెట్రోలు పంపు పనితీరును చెవితో తెలుసుకొనవచ్చును. తాళం తిప్పగానే అది టక్కు టక్కుమని కొట్టి, కార్బురేటరు గిన్నెలు నిండగానే ఆగవలెను. ఆగకుండా వడివడిగా కొడుతుంటే ఎక్కడో గాలి పీలుస్తున్నది, లేదా ట్యాంకు ఖాళీ. మిక్కిలి నెమ్మదిగా, మూలుగుతున్నట్లు కొడితే దారి మూసుకుపోతున్నది. అసలే కొట్టక, చేతిపిడితో తట్టగానే లేచి కొట్టడం మొదలుపెడితే దాని లోపలి పాయింట్లు అరిగినవి. దానికి పోయే తీగ అతుకులు, భూమి తీగ బండి కింద దుమ్మూ నీరూ తగిలే చోట ఉంటవి కనుక పంపును తిట్టే ముందు వాటిని తోమి బిగించి చూడవలెను.

పంపు కొట్టుచున్నదంటే పెట్రోలు వస్తున్నదని కాదు. కార్బురేటరు వద్ద గొట్టం విప్పి ఒక పాత్రలోనికి వదిలి చూడవలెను. నిమిషానికి ఒక పైంటుకు, అనగా అర లీటరు పైచిలుకుకు, తగ్గకుండా బుడగలు లేని ధార రావలెను. ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా, వేడి తగ్గిన ఇంజను మీద చేయవలెను.

ధార మొదట బాగుండి రాను రాను సన్నగిల్లితే రెండు అనుమానాలు మిగులుతవి. మొదటిది ట్యాంకుకు గాలి అందకపోవుట. పెట్రోలు తగ్గిన మేరకు గాలి లోనికి రాకపోతే ట్యాంకులో వాక్యూం ఏర్పడి పంపు ఓడిపోతుంది. నీరసం వచ్చిన వెంటనే బండి ఆపి ట్యాంకు మూత విప్పితే బుస్సుమన్న శబ్దం వస్తుంది. ఆ వెంటనే ఇంజను కోలుకొంటుంది. రెండవది ట్యాంకు అడుగున చేరిన తుప్పు. నడుస్తున్నప్పుడు ఆ తుప్పు పీల్చుడు గొట్టానికి అడ్డు పడుతుంది. బండి ఆపగానే పీల్పు తగ్గి తిరిగి అడుగుకు జారుతుంది. అర గంట విశ్రాంతి ఇస్తే ఇంజను దానంతటదే బాగుపడినట్లు కనబడే జబ్బు ఇదే.

ఈ కాలంలో మరొక కారణం చేరినది. నేటి పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. బ్రిటనులో 2021 నుండి సాధారణ పెట్రోలులో 10 శాతం వరకు కలుపుతున్నారు. మన దేశంలో ఈ పాలు 20 శాతానికి చేరినది. పాతకాలపు రబ్బరు గొట్టాలు దానికి తట్టుకొనక లోపలి పొర మెత్తబడి, పొట్టు రాలి, ఫ్లోటు గిన్నెలోని నీడిల్ వాల్వు వద్ద అడ్డుపడుతుంది. ఇథనాలును తట్టుకొనే గొట్టాలు వేయుట ఒక్కటే దీనికి మందు. ఇక వేసవిలో, ఇంజను ఆపి పది నిమిషాల తరువాత మళ్ళీ నడిపినప్పుడు మాత్రమే తడబడితే, పక్కనే ఉన్న పొగగొట్టం వేడికి గిన్నెలోని పెట్రోలు మరుగుతున్నదని తలచవచ్చును. మధ్యనున్న వేడి రేకు ఊడిపోయినదేమో చూడవలెను.

కార్బురేటరులో చూడవలసినది స్వల్పమే. పిస్టనును పక్కనున్న పిన్నుతో ఎత్తి వదిలితే టక్కుమని కింద పడవలెను. మధ్యలో పట్టుకొంటే మురికి చేరినదని అర్థం. పైనున్న గొట్టంలో నూనె లేకపోతే ఏక్సిలరేటరు నొక్కినప్పుడు మాత్రమే ఇంజను ఒక క్షణం తటపటాయిస్తుంది.

ఋజువు

దోషి దొరికినదనుకొన్న తరువాత చేసే పనియే అన్నిటికన్న ముఖ్యమైనది. అక్కడనే చాలామంది తొందరపడతారు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, కాయిల్ ఒకేసారి మార్చి, జబ్బు పోయినదని సంతోషిస్తారు. పోయినది నిజమే, ఏది మార్చుట వలన పోయినది? అది తెలియలేదు. ఒక్కొక్కసారి ఈ సందడిలో వదులుగా ఉన్న తీగ ఒకటి బిగుసుకొని ఉంటుంది, అంతే. నెల రోజులకు అది మళ్ళీ వదులవుతుంది. పైగా పాత బండ్లకు నేడు దొరికే కొత్త భాగాలన్నీ మంచివి కావు. కొత్త కండెన్సరు, కొత్త రోటరు కొద్ది రోజులకే పాడైన ఉదంతాలు ఎన్నో ఉన్నవి. కొత్తది గనుక మంచిదేనన్న నమ్మకం తప్పుదారి పట్టిస్తుంది.

కావున మూడు నియమాలు పాటించవలెను. ఒకసారి ఒక్క భాగమే మార్చవలెను. మార్చిన పిమ్మట దోషం వచ్చిన పరిస్థితులలోనే, అదే వేడిలో, అదే ఎత్తు మీద, అంతే దూరం నడపవలెను. పది కిలోమీటర్లకు ఒకసారి వచ్చిన జబ్బు పది కిలోమీటర్లలో రాకపోవుట ఋజువు కాదు, వంద కిలోమీటర్లు రాకపోతే కొంత నమ్మవచ్చును. చివరకు, ప్రమాదం లేని చోట, తీసివేసిన పాత భాగాన్ని మళ్ళీ బిగించి చూడవలెను. జబ్బు తిరిగి వచ్చినదా? అప్పుడు మాత్రమే ఆ భాగం దోషి అని తీర్పు చెప్పవచ్చును. రాకపోతే అసలు దోషి ఇంకా బయటనే తిరుగుతున్నదని గ్రహించి పుస్తకం మళ్ళీ తెరవవలెను.

ఈ మూడవ నియమం చాలామందికి వృథా శ్రమగా తోచవచ్చును. బాగైన బండిని మళ్ళీ పాడుచేయుట ఎందుకని అడుగుతారు. కాని ఆ బండిలో రేపు కూర్చుండేది మరొకరు కావచ్చును. “తగ్గినట్లున్నది” అన్న మాటకూ “ఇదే కారణం” అన్న మాటకూ మధ్య నున్న దూరం వారి ప్రాణమంత విలువైనది. జబ్బు కనబడని వేళ ఓపికగా కాచుకొనుట, కనబడిన వేళ జాగ్రత్తగా చూచుట, చూచినదానిని వ్రాసిపెట్టుట, ఊహను పరీక్షకు నిలబెట్టుట, పరీక్షలో ఓడిన ఊహను విడిచిపెట్టుట: ఎం.జి.బి. ఇంజను ముందు నిలిచినవానికైనా, రసాయనశాలలో సీసా పట్టినవానికైనా, రోగి మంచం పక్కన కూర్చున్న వైద్యునికైనా కావలసిన విద్య ఇదే. పనిముట్లు వేరు కావచ్చును గాని, పద్ధతి ఒక్కటే.